సుభద్రమ్మ విడిచిన ఏడు పుంజులు

మా ఎదురింటి సుభద్రమ్మ గురించి చెప్పమంటే నేను మంచీ చెప్తా, చెడ్డా చెప్తా. మంచి ఒక్కటే కావాలంటే ఇంకెవరినైనా అడుక్కోండి. ఇరవై ఏండ్లుగా ఆయమ్మ వాకిలికి నా వాకిలి ఎదురు. ఆయమ్మ తుమ్మితే నాకు వినబడ్తాది. నా పేరు ఈరమ్మ. నేనూ కూలికి పోయేదాన్నే, ఆయమ్మా కూలికి పోయేదే. నాకు నోరుండాది, ఆయమ్మకు కోళ్ళుండె. అంతే తేడా.

కోళ్ళ సుభద్ర అంటే నందవరం దాంకా తెల్సు. ఆలూరు పక్క పల్లె నుంచి పెండ్లయి వచ్చిన పొద్దు, చంకలో ఒక నల్ల మచ్చల పెట్టను ఇరికించుకొని బస్సు దిగినాదంట. అత్తగారు పెండ్లికూతురిని చూడాల్నా, కోడిని చూడాల్నా అని వీధంతా నవ్వినారంట. ఆ పెట్ట పిల్లలు, వాటి పిల్లలు, మళ్ళా వాటి పిల్లలు, అట్ల ఆ మచ్చల జాతి ఆయమ్మ వాకిట్లో తెగకుండా వచ్చినాది. మా వీధిలో ఎవరికి కాన్పయినా, బాలింత గుడ్డు తినే పొద్దు వచ్చినాదంటే మొదటి గుడ్డు సుభద్రమ్మ ఇంట్లో నుంచే. నా కూతురు మంజుల కాన్పప్పుడు నెలరోజులు కొంగు చాటున పెట్టుకొని తెచ్చి ఇచ్చినాది. ఆ మాట నేను మర్చిపోను.

ఇంగ చెడ్డ చెప్తా. ఆయమ్మకు కోపం రాదు. వస్తే పోదు. ఒకసారి ఎమ్మిగనూరు బస్సులో కండక్టరు కోళ్ళ గంపను కిందికి దింపమన్నాడు. గంపతో పాటు తానూ దిగినాది. ఆ పొద్దు నుంచి మూడేండ్లు ఆ బస్సు ఎక్కలేదు. బస్సు ఊర్లోకే వస్తాది, ఈయమ్మ మాత్రం పెద్ద రోడ్డు దాంకా నడిచిపోయి షేర్ ఆటో కోసం ఎండలో నిలబడ్తాండె. "ఆ కండక్టరు మారిపోయినాడు గదా వదినా" అని నేనే చెప్పినా.

"బస్సు మారలే గదా" అనింది.

అదీ మనిషి. ఇది తెలుసుకుంటే తక్కిన కత మీకే తెలుస్తాది.

పోయినేడు ఆషాఢంలో మా వీధికి కొక్కెర రోగం వచ్చినాది. పొద్దున బాగా తిరిగిన కోడి మధ్యాన్నానికి మెడ వాల్చేది, పచ్చగా పారుకునేది, సాయంత్రానికి కాళ్ళు చాపేది. సుభద్రమ్మ పసుపు పట్టించినాది, వెల్లుల్లి నూరి గొంతులో వేసినాది, పశువుల డాక్టరును పిల్చుకొచ్చినాది. ఆయన వచ్చి, "రోగం రాకముందు మందేయాల గానీ వచ్చినాక నేనేం జేసేదమ్మా" అని సంచి తీసుకొని పోయినాడు. ఇరవై రెండు కోళ్ళు. వారంలో ఇరవై ఒకటి గుంతలో పడినాయి. మిగిలింది ఒకే ఒక మచ్చల పెట్ట, అదీ ముసలిది. సుభద్రమ్మ ఏడ్వలేదు. వారం రోజులు ఎవరితో మాట్లాడలేదు, అంతే.

ఆ ముసలి పెట్ట రోగం పోయినాక నాలుగు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చున్నాది. చెయ్యి పెడితే రెక్కలు పొంగించి గుర్రుమంటాది. ఇంగ అది గుడ్డు పెట్టదని సుభద్రమ్మకు తెల్సు. అదే దాని ఆఖరి పొదుగు. ఈ నాలుగు గుడ్లలో ఒక్క పెట్టపిల్లైనా లేవకపోతే పుట్టింటి నుంచి వచ్చిన జాతి ఆడికి సరి. నాలుగు గుడ్ల మీదనే కూర్చోబెట్టేది ఏంటికి, ఇంకొన్ని కలుపుదామని పక్కింట్లో అడిగినాది.

పక్కిల్లు అంటే వేరే వాళ్ళు కాదు, సొంత తోడికోడలు సావిత్రమ్మ. సుభద్రమ్మ మొగుడు హుసేనప్పకు అన్న బజారి, ఆ బజారి పెండ్లాం. రెండిండ్లకూ నడుమ మొల ఎత్తు గోడ. సావిత్రమ్మ కోళ్ళు రోగంలో సగం మిగిలినాయి, ఒక ఎర్ర పుంజూ మిగిలినాది. గుడ్లకు కొదవ లేదు. పొదిగే పెట్టే లేదు.

మా పక్క పాలుకు ఇచ్చేది వాడుక. ఒకరి గుడ్లు, ఒకరి కోడి. పిల్లలు తల్లిని విడిచిన పొద్దు సగం సగం. రెండు గంపల కింద సమంగా మూస్తారు, ఎవరి గంప వాళ్ళది. గంప మూసినాక ఇంగ మాట లేదు. ఇదీ కట్టుబాటు. సావిత్రమ్మ పదకొండు గుడ్లు ఇచ్చినాది. మొత్తం పదహైదు.

సుభద్రమ్మ గంపలో ఇసుక పోసి, గడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఒక ఇనుప మేకు, రెండు బొగ్గులు పెట్టి, ఎండకు ఒక్కొక్క గుడ్డును పట్టి చూసి సర్దినాది. ఇరవై ఒక్క దినాలు. కోడి దిగి మేతకు పోయే ఆ కొంచెంసేపూ ఈయమ్మ గంప పక్కనే కూర్చుంటాండె. ఒక గుడ్డు మురిగిపోయినాది. పద్నాలుగు లేచినాయి! మా వీధిలో అట్లాంటి పొదుగు ఎవరూ చూడలేదు. లేచినాక గద్దకు పోలేదు, పిల్లికి పోలేదు, వానకు తడవలేదు. నూకలు నానబెట్టి పెట్టినాది, చెదలు తవ్వుకొచ్చి పెట్టినాది. పద్నాలుగుకు పద్నాలుగూ నిలిచినాయి.

తన నాలుగు గుడ్లలో మూడు లేచినాయి. ఆ మూటిలో రెండు పుంజులయినాయి. ఒకటి పెట్ట. నల్ల మచ్చలు, అచ్చం తల్లి మాదిరి. సుభద్రమ్మ దాన్ని చేతిలోకి తీసుకొని నాకు చూపించినప్పుడు ఆ మొగం మీరు చూడాల్సింది. ఆడబిడ్డ పుట్టినట్లే నవ్వినాది.

రెండు నెలలు దాటినాయి. పిల్లలు తల్లిని విడిచినాయి. అప్పుడే కౌతాళం పక్క పత్తి ఏరేదానికి ఆటో కుదిరినాది, నేనూ సుభద్రమ్మా కలిసే పోతాండాము. ఆటో ఎక్కేముందు గోడ మీద నుంచి చెప్పినాది: "అక్కా, పిల్లల్ని ఈ పొద్దు పంచేయి. నువ్వే పంచు. ఆ మచ్చలది మాత్రం నాకుండనీ."

"పో పోమ్మా, నేను సూసుకుంటా" అనింది సావిత్రమ్మ.

ఆయమ్మను పంచమనడమే తప్పు. పాలు పంచేటప్పుడు సాకిన వాళ్ళు నిలబడాల. కానీ సుభద్రమ్మకు అక్క అంటే అక్కే. సొంత ఇంట్లో కాపలా కాసేది ఏందని పోయినాది.

పొద్దు వాలినాక దిగినాము. సుభద్రమ్మ వాకిట్లో గంప మూసి ఉండాది. ఎత్తి చూసినాది. ఏడు పిల్లలు. ఏడూ ఎర్ర జుట్టువే. ఏడూ పుంజులే! గోడకు ఆ పక్క ఏడు పెట్టలు నూకలు తింటాండాయి, వాటిలో మచ్చలది ఒకటి.

నాకు ఒళ్ళు మండిపోయినాది. నా కోడి కాదు, నా గుడ్డు కాదు, ఐనా మండినాది. సుభద్రమ్మ గోడ కాడికి పోయినాది.

"అక్కా, మచ్చలది అడిగినా గదా."

"ఏడుకు ఏడు ఇచ్చినా. లెక్కలో తక్కువుందా?"

"తక్కువ లే. మచ్చలది నా గుడ్డు అక్కా. ఇంకేమీ వద్దు, అది ఇయ్యి. దానికి బదులు రెండు పుంజులు తీసుకో."

"పదకొండు గుడ్లు నావి, నాలుగు నీవి. నేనేమైనా పదకొండు పిల్లలు అడిగినానా? గంప మూసినాక మాట లేదు సుభద్రా."

వీధి పెద్దలు నలుగురు వచ్చినారు. గంపలు చూసినారు, వేళ్ళతో లెక్క పెట్టినారు. ఏడుకు ఏడు సరిగ్గా ఉండాది, తప్పేముందమ్మా అన్నారు. మగోళ్ళకు కోడి అంటే కూరాకు గదా, పుంజైతేనేమి పెట్టైతేనేమి. బజారి ఇంట్లో టీ తాగి పోయినారు. సుభద్రమ్మ పళ్ళు బిగించి, ఆ ఏడు పుంజుపిల్లల మీద మళ్ళా గంప మూసినాది.

హుసేనప్ప ఆదోని మార్కెట్ యార్డులో హమాలీ. పత్తి బోరాలు మోసి మోసి నడుము వంగింది గానీ నోరు లేవలేదు ఏ పొద్దూ. ఆయప్ప అన్నాడు: "ఏడు పుంజులు మనకేంటికే? పెద్దయితే ఒకదాన్నొకటి పొడుసుకుంటాయి. పెట్టలు లేని ఇంట్లో పుంజులేం జేస్తాయి? సంతకు ఎత్తుకపోతా."

"ఎత్తుకపోతే కాళ్ళిరగ్గొడ్తా" అనింది.

ఇంగ నా పాపం చెప్తా. మరుసటి దినం పత్తి చేన్లో నేనే నోరు జారినా. సావిత్రమ్మ మీద నాకూ ఉండె. కొళాయి కాడ నా బిందెను కాలితో పక్కకు తోసిన మనిషి అది, నేను మర్చిపోతానా? వంగి పత్తి ఏరుతా ఏరుతా అన్నా: "ఆ ఏడింటినీ మారెమ్మకు విడిచెయ్యి వదినా. అప్పుడు తెలుస్తాది ఆయమ్మకు."

సుభద్రమ్మ నడుమెత్తి నన్ను చూసినాది. ఆ చూపుకు నాకే భయమయినాది.

మా ఊర్లో మారెమ్మకు దేవర ఉగాది దాటినాక, అమ్మకు జీవాలు కోసే జాతర అది. దేవరకు విడిచిన జీవాన్ని ఎవరూ అదిలించరు. దున్నపోతు కానీ, పొట్టేలు కానీ, కోడి కానీ, కాలికి పసుపు దారం కట్టినాక అది అమ్మవారిది. ఎవరి చేన్లో మేసినా, ఎవరి వాకిట్లో తిన్నా, రాయి విసిరేది లేదు, కర్ర ఎత్తేది లేదు, కట్టేసేది లేదు. మామూలుగా ఇంటికి ఒక కోడిని విడుస్తారు. ఏడింటిని ఎవరూ విడవలేదు. విడవకూడదని కూడా ఎవరూ చెప్పలేదు.

గుడి కాడ పూజారి శేషప్ప గంపలోకి తొంగి చూసి నోరు తెర్సినాడు.

"ఏడా తల్లీ?"

"ఏడు."

"ఏం మొక్కుకున్నావమ్మా అంత పెద్దది?"

"అది నాకూ అమ్మకూ తెల్సు. నువ్వు దారం కట్టప్పా."

కట్టినాడు. ఆ సాయంత్రం నుంచి సుభద్రమ్మ పని మొదలయినాది. గోడ మీద పిడికెడు సజ్జలు పోసేది. పుంజులు గోడెక్కేవి. గోడ మీద తింటా తింటా ఉంటే చేత్తో అట్ల ఒక్క తోపు, సజ్జలు ఆ పక్కకు రాలేవి. పుంజులు ఆ పక్కకు దిగేవి. నా గోడ మీద నేను పోసుకుంటాండా, గాలికి రాలితే నేనేం జేసేది అంటాండె. పది దినాల్లో ఆ పిల్లలకు మేత అంటే సావిత్రమ్మ ఇల్లే. పండుకునేది కూడా బజారి వాకిట్లో నిలబెట్టిన పాత ట్రాక్టర్ ట్రాలీ మీదనే.

సంక్రాంతి దాటేసరికి పుంజులయినాయి. అబ్బబ్బ, ఏం పుంజులప్పా! ఎర్రవి, నల్లవి, మచ్చలవి, కాళ్ళకు పసుపు దారాలు, తోకలు పైకెత్తి బజారి వాకిట్లో జమీందార్ల మాదిరి తిరుగుతాండె. తెల్లారకముందే ఒకటి కూస్తాది. దానికి ఇంకొకటి. ఏడూ అందుకుంటాయి. బజారి నిద్ర లేక కండ్లు ఎర్రగా చేసుకొని తిరిగేవాడు. ఆరబోసిన శనగకాయలు తొక్కినాయి. మిద్దె మీద పెట్టిన వడియాలు ఒక్కటి మిగల్లేదు. మంచం మీద దుప్పటి పరిస్తే దాని మీదే రెట్టలు. సావిత్రమ్మ ఎర్ర పుంజును తరిమి తరిమి ఒక కన్ను పొడిచినాయి, అది ఊరి బయటికి పోయి మళ్ళా రాలేదు. ఆయమ్మ కర్ర ఎత్తబోతాది, కాలి దారం కనబడ్తాది, కర్ర దించుతాది. నేను నా వాకిట్లో కూర్చొని వక్కాకు నములుతా చూస్తాండా. కడుపు చల్లగా ఉండె. తిక్క కుదిరినాది అనుకున్నా. కొళాయి కాడ నా బిందెను తన్నిన కాలు అది.

సుభద్రమ్మ నవ్వేది కాదు. గోడకు ఈ పక్క నిలబడి చూసేది. లోపల ఏదో వండుకుంటాన్నట్లు, నింపాదిగా.

బజారి తమ్ముడి కాడికి వచ్చినాడు. "హుసేనూ, ఆడోళ్ళకు మనం సెప్పలేమారా?" హుసేనప్ప కండువా దులుపుకొని యార్డుకు పోయినాడు. సావిత్రమ్మ పూజారి కాడికి పోయినాది, మొక్కు వెనక్కి తీసుకునే దారి లేదా అని. ఉందన్నాడు శేషప్ప. మొక్కిన మనిషే వచ్చి, అమ్మ ముందర చెంపలేసుకొని, తప్పయినాది అని నోటితో అనాల. అప్పుడు దారం విప్పుతా. వేరేవాళ్ళు విప్పేదానికి లేదు.

సుభద్రమ్మ చెంపలేసుకునేది! బస్సు మీద మూడేండ్లు అలిగిన మనిషి!

ఇంతలో నేను ఒకటి చూసినా. ఇది చెప్పేదానికి నాకే సిగ్గు. సావిత్రమ్మ పెట్టలు ఏడూ ఎదిగినాయి, గుడ్డుకు వచ్చినాయి. ఏడు పెట్టలకు ఒక పుంజు చాలు. ఏడింటికి ఏడు పుంజులైతే ఏమైతాది? ఒకటి దిగితే ఇంకొకటి ఎక్కుతాది. పొద్దంతా తరుముడే. పెట్టల వీపుల మీద ఈకలు ఊడిపోయినాయి. తర్వాత తోలు కనబడినాది. తర్వాత తోలు చిరిగినాది. మేతకు వచ్చేదానికి భయపడి ట్రాలీ కింద దూరి కూర్చుంటాండె. ఒకటి చచ్చినాది. ఇంకొకటి చచ్చినాది. గోడకు ఈ పక్క నుంచి సుభద్రమ్మకు ట్రాలీ కింద కనబడదు. నా అరుగు మీద నుంచి కనబడ్తాది. చూసినా. చెప్పలేదు. ఏంటికి చెప్పాల? సావిత్రమ్మ పెట్టలు గదా సచ్చేది, బాగనే ఉండాది అనుకున్నా. మచ్చలది వాటిల్లోనే ఉండాదని నాకు తెల్సు. తెల్సినా చెప్పలేదు.

శివరాత్రి దాటిన నాలుగో దినం, మధ్యాన్నం. సుభద్రమ్మ వాకిట్లో కూర్చొని సజ్జలు చెరుగుతాండాది, నేను పక్కన కూర్చొని ఊరి మాటలు చెప్తాండా. ముసలి పెట్ట గడప కాడ దుమ్ములో పొర్లుతాండాది. అప్పుడు గోడ మీద నుంచి ఏదో దబ్బున పడినాది. మచ్చల పెట్ట. దాని వెంట మూడు పుంజులు.

అది నేరుగా వచ్చి ముసలి పెట్ట రెక్క కింద తల దూర్చినాది. నాలుగు నెలల కింద విడిచిన తల్లి. పిల్లప్పుడు దూరినట్లే దూరినాది. ముసలిది లేచి మెడ ఈకలు నిక్కబొడుచుకొని పుంజుల మీదికి దూకినాది. వాటిలో రెండు దాని సొంత కొడుకులే. ఒక్క తన్నుకు పక్కకు పడినాది పాపం.

సుభద్రమ్మ చేట పారేసి మచ్చలదాన్ని ఎత్తుకున్నాది. ఒళ్ళో పెట్టుకొని చూసినాది. వీపు లేదు. ఒక బెత్తెడు మేర ఈకా లేదు, తోలూ లేదు, ఎర్రగా మాంసం, దాని మీద ఈగలు. కోడి ముక్కు తెర్సి ఎగపోస్తాండాది.

"ఎప్పటి నుంచి వదినా ఇది?" అనింది సుభద్రమ్మ నన్ను చూసి.

నేను తల దించుకున్నా. ఆయమ్మకు అర్థమయినాది.

అంతలో గోడ కాడికి సావిత్రమ్మ వచ్చినాది. వెనకనే కోడలు స్వప్న. అరుపులకు వీధిలో పది మంది చేరినారు. సావిత్రమ్మ తిడ్తాదని నేను కొంగు బిగించినా. తిట్టలేదు. ఆ మనిషీ చిక్కిపోయినాది ఈ నాలుగు నెలల్లో, కండ్ల కింద నల్లగా.

"సుభద్రా, దాన్ని నువ్వే పెట్టుకో" అనింది.

అందరూ విన్నారు.

"నీ గుడ్డే అది. ఆ పొద్దు నేను ఇయ్యాల్సింది, ఇయ్యలే. నాదే తప్పు. అందరి ముందర అంటాండా. ఇంకా నాలుగుండాయి, వాటిలో ఏది కావాలన్నా తీసుకో. రేపు పొద్దున ఇద్దరం మారెమ్మ కాడికి పోదాం. నేనూ చెంపలేసుకుంటా, నువ్వూ వేసుకో. ఆ దారాలు విప్పించు తల్లీ. ఇంగ నా వల్ల కాదు."

సుభద్రమ్మ ఒళ్ళో మచ్చలది కండ్లు మూసుకున్నాది. ఆయమ్మ బొటనవేలితో దాని తల రుద్దుతా ఉండాది. ఏం కావాలని ఇదంతా చేసినాదో అది ఒళ్ళోనే ఉండాది. అడగకుండా, వీధి అంతా చూస్తాండగా, పెద్ద తోడికోడలు తప్పు ఒప్పుకొని ఇస్తాండాది. నేను ఆయమ్మ మోకాలు పట్టుకున్నా. "తీసుకో వదినా. నీకు దండం పెడ్తా. ఆ పాడు మాట చెప్పింది నేనే, నా చెంపలు నేను వాయించుకుంటా. తీసుకో."

సుభద్రమ్మ లేచినాది. గోడ కాడికి పోయినాది.

"నేనేం తప్పు సేసినా అక్కా?"

"నువ్వేం సెయ్యలే. ఊరికే అను. దారం విప్పేదానికి."

"సెయ్యని తప్పు ఏంటికంటా?"

"సుభద్రా, కోడి సస్తాదే!"

సుభద్రమ్మ దవడ బిగుసుకున్నాది. నాకు తెల్సు ఆ దవడ. పెద్ద రోడ్డు మీద ఎండలో ఆటో కోసం నిలబడినప్పుడు అట్లనే ఉంటాండె. రెండు చేతులతో మచ్చలదాన్ని గోడ మీదుగా చాపినాది.

"నీ వాటా నువ్వు తీసుకో. నా ఏడూ నాకు సాలు."

సావిత్రమ్మ చెయ్యి చాపలేదు. ఇది నిజమా అన్నట్లు చూసినాది. తర్వాత తీసుకున్నాది. కొంగులో చుట్టుకొని లోపలికి పోయి తలుపేసుకున్నాది. వీధి వాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. సుభద్రమ్మ వచ్చి చేట తీసుకొని మిగిలిన సజ్జలు చెరిగినాది. ఆ పొద్దు సాయంత్రం కూడా గోడ మీద పిడికెడు పోసినాది.

నేను వారం రోజులు ఆయమ్మతో మాట్లాడలేదు. మాట్లాడితే ఏం లాభం? అగ్గి రాజేసింది నేను, ఇప్పుడు నీతులు చెప్పేది నేనేనా?

ఉగాది దాటినాది. దేవర వచ్చినాది. తప్పెట్లు మోగినాయి. సుభద్రమ్మ తలకు పోసుకొని, ఏడు పుంజులనూ రెండు గంపల్లో తీసుకొనిపోయి, అమ్మ ముందర ఒక్కొక్కదాన్నే తన చేత్తోనే అందించినాది. వాటిలో మచ్చలవి రెండూ ఆఖర్న ఇచ్చినాది. ఏడు కోళ్ళ కూర, పెద్ద బానలో. వీధిలో అన్ని ఇండ్లకూ గిన్నె పంపినాది, ఒక్క ఇల్లు తప్ప. నేను తిన్నా. రుచిగానే ఉండె, అబద్ధం ఏంటికి. ఆయమ్మ తినలేదు. ఉపవాసం అనింది.

ఎండాకాలంలో ముసలి పెట్ట వడదెబ్బకు పోయినాది. సుభద్రమ్మ వాకిలి ఊడిస్తే ఒక్క ఈక రాని వాకిలి అయిపోయినాది. అట్లాంటి వాకిలి ఆయమ్మకు పెండ్లయినప్పటి నుంచి లేదు. హుసేనప్ప సంతలో రెండు పిల్లలు తెస్తానన్నాడు, వద్దనింది.

ఈ ఏడు మొదటి వానలు పడినాక, ఒక పొద్దున గోడకు ఆ పక్క నుంచి కిచకిచ వినబడినాది. స్వప్న నీళ్ళకు వచ్చినప్పుడు అడిగినా. మచ్చలది అంట. ఆ పొద్దు వాళ్ళత్త దాన్ని పుంజుల్లోకి వదల్లేదంట. వంటింట్లో గంప కింద పెట్టి, పూటకొకసారి పసుపూ వేపనూనే పట్టించి, పక్కనే పండుకొని ఈగలు తోలినాదంట. నెల దాటినాక తోలు కట్టినాదంట, ఎండాకాలంలో వీధి పుంజుతో కలిసి గుడ్లు పెట్టినాదంట. ఇప్పుడు పది పిల్లలు లేచినాయి, వాటిలో ఆరు మచ్చలవే. మా సావిత్రమ్మే! ఆయమ్మను తిట్టేదానికి ఇంగ నాకు నోరు రావడం లేదు, అదొక బాధ.

సుభద్రమ్మకు నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. పొద్దున్నే గోడ వారన కూర్చొని తీరిగ్గా ఏదో ఒకటి చెరుగుతాండాది, రాయి లేని గింజల్లో రాళ్ళు ఏరుతాండాది. ఆ కిచకిచ విని ఎన్ని పిల్లలో, ఏది తల్లికి దూరంగా పోయినాదో చెప్పగల మనిషి. ఐనా నన్ను అడుగుతాది, వేరే ఏదో మాట మధ్యలో, ఊరికే అడిగినట్లు.

"ఈ పొద్దు ఎన్నుండాయి వదినా?"

"పదీ ఉండాయి."

"గద్ద తిరుగుతాండాది. చూసుకోమను."

మొన్న నాకు ఓర్పు చచ్చిపోయినాది. "నీ నోటితో నువ్వే పోయి చెప్పు! గోడ ఎంత ఎత్తుండాది? ఒక్క మాట అడిగితే చాలు, ఆ ఆరూ తెచ్చి నీ ఒళ్ళో పోస్తాది సావిత్రమ్మ. ఇస్తాది వదినా, నా మాట విను, తప్పకుండా ఇస్తాది!"

సుభద్రమ్మ చేటలో వేలు తిప్పుతా తిప్పుతా నిలిపినాది. కండ్లలో నీళ్ళు నిండినాయి, రాలలేదు.

"ఇస్తాదని నాకు తెల్వదా" అనింది. "ఇస్తాదనే అడగలేకపోతాండా."